తలుపుచాటు వీలునామా

అది జ్యేష్ఠమాసము. ప్రచండమార్తాండ కిరణసందోహమునకుఁ దాళఁజాలక బందరు పట్టణమందలి వీథులన్నియు నిర్మానుష్యములై కుమ్మరియావమువలె మండుచుండెను. సముద్రముమీఁదినుండి రావలసిన చల్లగాలి సముద్రముననే చిక్కువడిపోయి యుప్పునీటి యావిరిని మాత్రము పట్టణమునకుఁ బంపుచుండుటచేత నిండ్లగోడల సున్నము పెచ్చులుపెచ్చులై రాలుచుండెను. కాకులు నూతిగట్లఁ జేరి ముక్కులు తెఱచుకొని యఱచుటకైన నోపిక లేక చూచుచుండెను. న్యాయస్థానములకు వేసవి సెలవులగుటం జేసి యూరి వకీళ్లలోఁ గొందఱు మామిడితోఁటలకును గొందఱు మామగారి యిండ్లకును బోయి సుఖించుచుండిరి.

అట్టి మిట్టమధ్యాహ్నమున శ్వేతోష్ణీషధారియు భస్మత్రిపుండ్రాంకితలలాటుఁడును స్మితలేశవర్జితవదనుఁడును నగు నిష్ఠల విశ్వపతి పంతులుగారు గొడుగు వేసికొని కాగితముల సంచి చంకనిడికొని దేశాయివారి వీథిలోని కంభంపాటి బాపమ్మగారి యింటి యరుఁగెక్కిరి. విశ్వపతిగారు దొంగలను విడిపించు వకీలు కారు. పొలముగట్ల తగవులు తీర్చు వకీలును గారు. పోవనున్నవారికి వీలునామాలు వ్రాసి యిచ్చుటయుఁ బోయినవారి వీలునామాలను న్యాయస్థానమున నిలువఁబెట్టుటయు నాయన వృత్తి. తన చేతి వీలునామా యేదియు నంతవఱకుఁ గొట్టుపడలేదను ప్రతిష్ఠ యాయనకుఁ గలదు. ఆ ప్రతిష్ఠను ఆయన పెట్టెలోని పట్టుపంచవలె మడత నలఁగకుండఁ గాపాడుకొనుచుండెను.

ఆ ప్రతిష్ఠకు మూలమైన నియమ మొక్కటి యుండెను. ఆస్తి గలవారి కోరిక నా యాస్తి గలవారి నోటనే వినవలయును. వినునప్పుడు చుట్టపక్కములలో నొక్కరును దాపున నుండరాదు. కన్నకొడుకులను సైతము వీథిలోనికిఁ బంపి తలుపు వేయించి తండ్రిమాట విన్న కఠినుఁ డాయన. అట్టి నియమము నాఁడు బాపమ్మగారి గడపదగ్గఱ బోల్తపడెను.

బాపమ్మగారు నిష్ఠాగరిష్ఠయు నాచారపరాయణయు ముక్కోపియు నగు వృద్ధవితంతువు. భర్త గతించిన నాఁటినుండి యామె పరపురుషుని యెదుటఁ బడి యెఱుఁగదు. పాలేరుతోఁ జెప్పవలసినను బురోహితునితోఁ జెప్పవలసినను నడిమింటి తలుపుచాటున నిలిచి తన గొంతు వారి చెవిని బడకుండఁ దగ్గుస్వరమునఁ బలికి యా పలుకును నడుమ నొకరిచేఁ జెప్పించుటయే యామె యెఱిఁగిన మర్యాద. ఆ యిల్లును గాలువక్రింది మాగాణియు నామెకుఁ దండ్రి యిచ్చినవి. ఏమియు వ్రాయక యామె కన్నుమూసినచో నవి ధర్మశాస్త్రానుసారముగా నొక్కగానొక్క కూఁతురగు హైమవతికిఁ జెందవలసినవి. చెందనీయకుండుటయే బాపమ్మగారి కడపటి కోరిక. తన తమ్ముని కుమారుఁడైన చయనులకు సమస్తమును వ్రాసిపెట్టుటకే యామె వకీలును బిలిపించెను.

కన్నకూఁతురిపై నింత పగ యేలయని చదువరు లడుగవచ్చును. హైమవతి యౌవనమున భర్త చెప్పుకాలితోఁ దన్నిన మఱునాఁడే యెవ్వరితోను జెప్పక పడవయెక్కి పుట్టింటికి వచ్చినది. పెద్దలెందఱు గడ్డము పట్టుకొని బతిమాలినను మరలి పోలేదు. కొట్టినను దిట్టినను మగఁడు మగఁడే యను సిద్ధాంతమున నెరసిన బాపమ్మగారికి నలుగురిలోఁ దలయెత్తుకొనరాని యవమానమయ్యెను. అది మొదలు హైమవతి పాపటలో వెండ్రుకలు నెరయువఱకు నా తల్లియు నా కూఁతురు నొక కప్పుక్రింద నొక పొయ్యిమీఁది యన్నము తినుచు నొకరిపై నొకరు నిప్పులు చెఱుగుకొనుచుఁ గాలము గడపిరి. తల్లికి నీళ్లు తోడునదియుఁ గాళ్లు పట్టునదియు హైమవతియే. తిట్లు తినునదియు హైమవతియే. ఆమెయు నోరులేనిది కాదు. తల్లి యొకటి యన్నచో దా నొకటి యనక మానదు. పొరుగిండ్లవారి కందువలనఁ బ్రొద్దు సుఖముగాఁ గడచుచుండెను.

ఇప్పుడా యింటిలో నడుమ మాట చెప్పుటకు హైమవతి తప్ప వేఱొకరు లేరు. తన నోటికాడి కూడు తీయు మాటను దన నోటనే పలుకవలసిన దుర్దశ యామెకుఁ బ్రాప్తించెను.

విశ్వపతిగారు వసారాలోఁ బీఁటపైఁ గూర్చుండి కలము విదిల్చి "అమ్మాయీ, మీ అమ్మగారు నాతో స్వయంగా చెప్పాలి. నువ్వు పెరట్లోకి వెళ్ళు" అని శాసించిరి.

నడిమింటి తలుపు వెనుకఁ బాము బుసవంటి సన్నని చప్పుడు పుట్టెను. వకీలు చెవికిఁ జేరినది యా చప్పుడు మాత్రమే. మాటలు హైమవతి తెచ్చెను.

"'పరాయి మగాడితో ఒంటిగా కూచుని మాట్లాడ్డానికి నేనేమన్నా బజారుదాన్నా' అని అడగమంటోందండి."

ముప్పదియేండ్ల వృత్తిలో నాయన నెవ్వరు నట్లనలేదు. ఆయన ముఖము జేవురించెను. "మాట నీ నోటిమీదుగా వస్తోంది. రేపు కోర్టులో ఇవి ఆవిడ మాటలేనని ఎవరు నమ్ముతారో మీ అమ్మనే అడుగు" అని తలుపునకు వినఁబడునట్లు గద్దించెను.

హైమవతి యడుగనక్కఱ లేకయే లోపలినుండి ప్రత్యుత్తరము వచ్చెను. "దానికి అబద్ధమాడే తెలివి కూడా లేదని చెప్పవే ఆ వకీలుతో."

హైమవతి వసారాకు వచ్చి "నాకు అబద్ధమాడే తెలివి కూడా లేదటండి" అని పాఠ మొప్పగించినట్లు పలికెను.

విశ్వపతిగారు లేచి పోవలసినది. ఆయన నియమమే యాయనను లేపవలసినది. కాని యెండలో నంతదూరము వచ్చుటయు, చయనులు ముందుగానే ఫీజు పంపియుండుటయు ముసలిదాని పొగరునకుఁ దాను జంకెనని యనిపించుకొనుట కిష్టము లేకుండుటయు నాయనను బీఁటకే యంటిపెట్టెను. ఆయన కాగితము సవరించుకొని "సరే, చెప్పమను" అనెను.

వీలునామా సాగెను. ఇల్లు చయనులకు. మాగాణి చయనులకు. గంగాళములు, భోషాణము, దేవతార్చన పెట్టె, పెరటిలోని కొబ్బరిచెట్ల కాపు చయనులకే. హైమవతి యొక్కొక్క మాటను దలుపుదగ్గఱ నెత్తికెత్తుకొని వచ్చి వకీలు ముందు దింపి మరలఁ బోవుచుండెను. ఒక్క యక్షరమును దాఁచుకొనలేదు. ఒక్క తిట్టును మెత్తన చేయలేదు. తల్లి ద్వేషమునకుఁ దన ద్వేషము తీసిపోదని చూపుటకే కాఁబోలు నామె గొంతు రవంతయు వణఁకలేదు.

"'మొగుణ్ణి కాదని వచ్చిన నా కూతురికి చిల్లిగవ్వ కూడా రాయొద్దు. నేను పోయాక అది నా మొహం కూడా చూడకూడదు' అంటోందండి."

విశ్వపతిగారి కలము నిలిచెను. ఆయన తల యెత్తి యామెను జూచి నాఁడు మొట్టమొదటిసారిగాఁ జిఱునవ్వు నవ్వెను. ఆ నవ్వులో జాలి లేదు. ఒకతె తన గొయ్యి తానే త్రవ్వి మన్నుకూడఁ దానే యెత్తిపోయుచున్నదను వినోదము మాత్ర ముండెను. హైమవతి యా నవ్వును జూచి మనసులోఁ బెట్టుకొని తలుపుదగ్గఱకు మరలెను.

అక్కడ బాపమ్మగారి గొంతు మాఱియుండెను. "పడమటి గది మాత్రం ఉన్నన్నాళ్ళూ దానిది. చయనులైనా సరే ఆ గది జోలికి రాకూడదు. రాయించు." అట్లనుచు ముసలిది కూఁతురివైపుఁ జూడలేదు, గోడవైపుఁ జూచెను.

పడమటి గది యనఁగా నింటివారెవ్వరు నేరికోరి యుండునది కాదు. వేసవిలో సాయంకాలపుటెండ గోడను గాల్చును. వానకాలమునఁ జూరునుండి నీరు గాఱును. హైమవతి పుట్టింటికి వచ్చిన నాఁటినుండి చాఁప పఱచుకొన్నది యందే. దానిని దనకుఁ దల్లి యిచ్చునని యామె కలలోనైనఁ దలంపలేదు.

ఆ వాక్యమును నోటఁ బెట్టుకొని యామె వసారాకు వచ్చెను. వకీలు పెదవులపై నవ్వు చివర యింకను మిగిలియుండెను. అంతసేపు తల్లి తిట్లను మోసినపుడు తడఁబడని నాలుక తనకొక గది యున్నదని చెప్పవలసివచ్చునప్పటికి నంగిటి కంటుకొనిపోయెను. తిట్లు మోయుట సులభము; ముష్టి మోయుట కష్టము. తల్లి యిచ్చినదని తాను జెప్పినను, ఇదిగో, గోడచాటున నిది తనకుఁ దాను గొంత చేర్చుకొన్నదని యీ మనుష్యుఁడు మరల నవ్వును. ఆ నవ్వు మరలఁ జూచుటకన్న వీథిలోఁ బండుకొనుట మేలని యా నిమిషమున నామెకుఁ దోఁచెను.

"లోపల ఇంకా ఏదో అన్నట్టుందే?" అని విశ్వపతిగా రడిగిరి.

"ఏమీ లేదండి. అంతే."

మఱియొక దినమైనచో నాయన తలుపుదగ్గఱకు నడచి తన చెవులతోఁ దాను వినుటకుఁ బట్టుపట్టి యుండును. నాఁడు వేఁడిమికి దాహమగుచుండెను. ఆ యింటిలో నెవ్వరు నాయనకు మజ్జిగయైన నీయలేదు. ఆయన కాగితములు మడిచి సంచిలోఁ బెట్టుకొని గొడుగు విప్పుకొని పోయెను.

కొలఁది దినములకు శుద్ధప్రతి సిద్ధమై వచ్చెను. వీథిలోని గృహస్థు లిరువురు సాక్షులుగా వసారాలోఁ గూర్చుండిరి. విశ్వపతిగారు సకల స్థావరజంగమాత్మక మదీయ స్త్రీధనమును మత్సోదరపుత్రునకు సర్వస్వాతంత్ర్యపురస్సరముగా దఖలుపఱచుచు నను నట్టి మాటలతోఁ దుదిలేని వాక్యములను నూపిరి తిరుగకుండఁ జదివిరి. అందులో సాక్షులకుఁ దెలిసినది పావు; తలుపు వెనుకనున్న బాపమ్మగారికిఁ దెలిసినది చయనుల పేరు మాత్రమే. "అన్నీ ఉన్నాయటే?" అని యామె యడిగెను. హైమవతి "ఉన్నాయి" అనెను. అబద్ధ మొకసారి యాడినవారికి రెండవసారి యాడుట కెంతసేపు పట్టును? తలుపు సందునుండి ముడుతలు పడిన యొక చేయి మోచేతివఱకు బయటికి వచ్చెను. హైమవతి యా బొటనవ్రేలికి సిరా పూసి కాగితముపై నొత్తించెను. సాక్షులు చూచినది యా చేయి మాత్రమే.

కార్తికమాసపు మంచు మొదలగునప్పటికి బాపమ్మగారు మంచము పట్టెను. కడపటి దినములలోను దిట్లు తగ్గలేదు. ఒక యుదయమునఁ గూఁతురు నోటఁ దులసినీరు పోయుచుండఁగా నామె కన్నులు తెఱచి "గది రాయించానుగా. నా రుణం తీరింది. అందులోనే పడి చావు" అని పలికెను. హైమవతి నోరు తెఱచెను. అది వ్రాయలేదమ్మా యని చెప్పవలసిన క్షణ మదియే. కాని యా ముఖముపై నెన్నఁడును లేని నిశ్చింత కనఁబడెను. హైమవతి తెఱచిన నోరు మూసికొని యింకొక యుద్ధరిణె నీరు పోసెను. ఆ మధ్యాహ్నమే బాపమ్మగారు పోయెను. ఆనతి యెట్లున్నను గూఁతురు తల్లి ముఖము చూచెను. చూచి బిగ్గఱగా నేడ్చెను. అన్నేండ్ల పగలో నట్టి యేడ్పు దాఁగియుండునని యామెకే తెలియదు.

చయనులు కర్మలు సక్రమముగా జరిపించి మైల తీఱిన పిమ్మటఁ దాళముచెవులగుత్తి యడిగెను. ఇల్లు పొగాకు వర్తకునకు నద్దెకుఁ గుదిరినదనియు వదినగారు తన సామానులు తీసికొనవలెననియుఁ జాల మర్యాదగాఁ జెప్పెను. హైమవతి యంతవఱ కెవ్వరిని నేమియు నడిగినది కాదు. ఇప్పుడు గోడవైపుఁ జూచుచు "పడమటి గది అమ్మ నాకిచ్చింది, చయనులూ" అనెను. తల్లియు నట్లే గోడవైపుఁ జూచి చెప్పినదని యామెకు జ్ఞప్తికి వచ్చి కన్నులు మండెను.

చయనులు నవ్వెను. "అత్తయ్య నీకు గది ఇచ్చిందా! నిన్ను తిట్టని రోజు అన్నం సహించేది కాదే ఆవిడకి. కాగితంలో చూపించు వదినా."

కాగితములో లేదు. హైమవతి చెఱఁగు భుజమునిండఁ గప్పుకొని తిన్నగా విశ్వపతిగారి యింటికి నడచెను. న్యాయస్థానమున వీలునామా దాఖలైయుండెను. పరలోకగతురాలి గొంతు వకీలు గాని సాక్షులు గాని వినలేదని యెఱిఁగి న్యాయాధిపతి నడుమ మాట చెప్పిన యామెను విచారింపవలెనని యుత్తరువు చేసియుండెను. విశ్వపతిగారు పడకకుర్చీలో నుండి యామెను గూర్చుండుమని యైన ననలేదు.

"ఆవేళ మా అమ్మ ఇంకో మాట చెప్పిందండి. పడమటి గది నాకుంచమంది. నేనే మీతో అనలేదు" అని హైమవతి చెప్పెను.

"తెలుసు" అని యాయన తాపీగాఁ బలికెను. "గొణుగుడు వినబడింది. నువ్వొచ్చి నోరు తెరిచావు, మళ్ళీ మూశావు. అడిగాను, ఏమీ లేదన్నావు."

"అయితే ఆ మాటే కోర్టులో చెప్పండి."

"చెబితే ఏమవుతుందో తెలుసా? ఆవిడ చెప్పినదంతా అందులో లేదని వీలునామా పోతుంది. ఇల్లూ పొలమూ సమస్తం నీదవుతుంది."

"సమస్తం నాకెందుకండీ? అమ్మ ఇచ్చింది గదే. నాకు గది చాలు."

"చట్టంలో గదుల్లేవమ్మాయీ. నిలిస్తే అంతా నిలుస్తుంది, పడితే అంతా పడుతుంది. నా చేతి వీలునామా ఇంతవరకూ పడలేదు. తలుపుచాటు నుంచి సగం మాట విని రాశాడని ఈ వయసులో నలుగురి చేతా అనిపించుకోమంటావా?"

"మీ పరువు కోసం నేను వీధిలో పడనా?"

"నిన్ను వీధిలో పడేసింది నేను కాదు. నీ నోరు."

ఆ మాట నిజమగుటచేతనే యామెకు సహింపరానిదయ్యెను. తనకు దుఃఖము వచ్చినచో నీ మనుష్యుని యెదుట రానీయరాదని పండ్లు కఱచుకొని హైమవతి మెట్లు దిగెను. వెనుకనుండి విశ్వపతిగారు "ఆ గది మాట కోర్టులో అనకు. ఎవడూ నమ్మడు" అని హితోపదేశము చేసిరి. అది హితమో బెదరింపో యాయనకే తెలియవలెను.

విచారణదినమున న్యాయస్థానము క్రిక్కిఱిసియుండెను. తల్లి తిట్లను గూఁతురు ప్రమాణముచేసి చెప్పునఁట యను వార్త బందరులో నెవ్వరిని నింట నుండనీయలేదు. హైమవతి బోనులో నిలిచి తల్లి మాటలను మొదటినుండి వరుసగా నప్పగించెను. బజారుదాన్నా యన్న మాట చెప్పెను. చిల్లిగవ్వ మాట చెప్పెను. తనకు నబద్ధమాడు తెలివి లేదన్న మాటయుఁ జెప్పెను. జనులు గొల్లున నవ్విరి. న్యాయాధిపతి నవ్వక కలముతో నేదియో వ్రాసికొనుచు దన నష్టమును దానే యింత నిక్కచ్చిగాఁ జెప్పు సాక్షి యరుదని తల పంకించెను. చయనులు సంతోషముతోఁ గాలుపైఁ గాలు వేసికొనెను.

"మీ అమ్మగారు చెప్పినవన్నీ మీరు వకీలుగారికి చేరవేశారా?" అని న్యాయాధిపతి తుది ప్రశ్న వేసెను.

"ఒకటి చెయ్యలేదండి."

నవ్వులు నిలిచెను. హైమవతి గది మాట చెప్పెను. తల్లి యన్నట్లే, యక్షరము తప్పకుండఁ జెప్పెను.

"ఎందుకు చేరవెయ్యలేదు?"

"సిగ్గేసిందండి."

చయనులు పెట్టుకొన్న వేఱొక వకీలు లేచెను. "బజారుదాన్నని అనడానికి రాని సిగ్గు, గది అడగడానికి వచ్చిందన్నమాట!"

"అవునండి" అని హైమవతి చెప్పెను. ఈ సారి జనులు మునుపటికన్న బిగ్గఱగా నవ్విరి.

లోకము తీరు చూడుఁడు. తన కంఠము తానే కోసికొనుచున్నంతసేపు నామె సత్యవతి. ఆ నోటితోనే తనకు నాలుగు గోడ లున్నవని యన్నంతనే యామె టక్కరి. న్యాయాధిపతి చేతి కలము కూడ నిలిచిపోయెను. ఆయన కన్యాయము చేయవలెనని లేదు. నమ్ముటకు నింకొక నోరు కావలెను. సాక్షుల బల్లపైఁ గూర్చున్న విశ్వపతిగారిని మరలఁ బిలిచి "వీలునామా చెప్పడం అయిందనుకున్న తరువాత లోపలి నుంచి మీకేమైనా వినబడిందా? ఇంకేమైనా ఉందా అని ఈమెను అడిగారా?" అని ప్రశ్నించెను.

విశ్వపతిగారు లేచి యుత్తరీయము సవరించుకొనిరి. ఆయన చూపు హైమవతిమీఁదికిఁ బోయి యచ్చట నిలువక న్యాయాధిపతి వెనుకనున్న గోడపై వ్రాలెను. ఒక్క మాటతో నా స్త్రీకి నీడ కలుగును. అదే మాటతోఁ దన ప్రతిష్ఠ మడత నలఁగును. హైమవతి యాయన పెదవులనే చూచుచుండెను. నాఁడు వసారాలో దాను నోరు తెఱచి మూసినట్లే యాయనయు నోరు తెఱచి మూసి మరలఁ దెఱచెను.

"లేదు. ఏమీ వినబడలేదు."

వీలునామా నిలిచెను.

న్యాయస్థానపు వరండాలో విశ్వపతిగారు పదిమంది యభినందనలు స్వీకరించుచు మెట్లవైపు నడచుచుండఁగా హైమవతి యెదురుగా వచ్చి నిలిచెను. ఆమె కన్నీరు పెట్టలేదు, శపింపలేదు, గొంతు హెచ్చింపలేదు. మాటలు మోయుట యలవాటైన యా కంఠము తన మాటను దానే మోసికొనివచ్చెను.

"నేనూ ఒక అబద్ధమాడానండి. నా కొంప నేనే ముంచుకున్నాను. మా అమ్మ చెప్పింది నిజమే, నాకా తెలివి లేదు. అబద్ధమాడే తెలివంటే మీదండీ."

విశ్వపతిగారు గొడుగు విప్పుకొని యెండలోనికి దిగిరి.

హైమవతి చిలకలపూడి దగ్గఱ నొక పూరింటిలోఁ జేరి యప్పడము లొత్తి యమ్ముకొని బ్రదికెను. దేశాయివారి వీథిలోని యింటిలోఁ బొగాకు వర్తకుఁడు సకుటుంబముగాఁ గాఁపురము పెట్టెను. పడమటి గది పనికిమాలినదని యందుఁ బిడకలు నింపించెను. బొటనవ్రేలు పడినది గావున ద్వేషమున కంతయు లోకములోఁ జెల్లుబాటయ్యెను. గోడవైపుఁ జూచి పలికిన యొక్క ప్రేమవాక్యమునకు సాక్షులు దొరకలేదు. ఉన్న యిరువురు సాక్షులలోఁ గూఁతురు సిగ్గుపడెను, వకీలు భయపడెను. ద్వేషమును బదిమందిలో నఱచి చెప్పుచుఁ బ్రేమను దలుపుచాటున గొణుగు వారందఱి గతియు నింతియే.

నిష్ఠల విశ్వపతి పంతులుగారి చేతి వీలునామా యేదియుఁ గొట్టుపడలేదని బందరు వకీళ్లు నేఁటికిని జెప్పుకొందురు. ఆయన న్యాయస్థానమునకుఁ బోవు దారి దేశాయివారి వీథిమీఁదుగానే. బాపమ్మగారి యిల్లు వీథికిఁ బడమటి ప్రక్క. ఉదయమునఁ బోవునపు డెండ తూర్పునుండి వచ్చును. అయినను నా యింటిముందుకు వచ్చునప్పటికి నాయన గొడుగును బడమటికి వంచుకొని పోవుచుండెను.